ఒకే గుణకారం, వేర్వేరు రాతలు: అసెంబ్లర్ల మధ్య తేడా ఎక్కడ వస్తుంది?

వడ్డీ లెక్క, ఫోన్ తెరపై కదిలే బొమ్మ, ఆన్‌లైన్ చెల్లింపును కాపాడే రహస్య సంకేతం... వీటన్నింటి అడుగునా గుణకారాలే ఉంటాయి. ప్రోగ్రాంను ఏ భాషలో రాసినా, ఆ గుణకారం చివరికి ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఒకటి రెండు ఆదేశాలుగా మారాల్సిందే. సాధారణంగా ఈ పనిని కంపైలర్ చూసుకుంటుంది. అయితే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కొన్ని భాగాలు, సంకేత లిపి లైబ్రరీలు, వీడియోను కుదించే ప్రోగ్రాములు వంటి చోట్ల నిపుణులు ఇప్పటికీ అసెంబ్లీ భాషలో స్వయంగా రాస్తారు. హానికర సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించేవారు ఆ భాషను రోజూ చదువుతారు.

అక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. ప్రాసెసర్ ఒకటే, చేయాల్సిన గుణకారమూ ఒకటే. కానీ ఆ ఆదేశాన్ని రాసే పద్ధతి ఒక్కో అసెంబ్లర్‌లో ఒక్కోలా ఉంటుంది. తప్పుగా రాసిన వాక్యాన్ని అసెంబ్లర్ తిప్పికొడితే పెద్ద నష్టం లేదు, సరిచేసుకుంటే సరిపోతుంది. అసలు ప్రమాదం మరోచోట ఉంది. అదే వాక్యాన్ని రెండు అసెంబ్లర్లూ అభ్యంతరం లేకుండా తీసుకుని, రెండు వేర్వేరు అర్థాలు చెప్పుకొన్నప్పుడు లబ్ధం తప్పుతుంది. ఎక్కడ తప్పిందో చెప్పేవారు ఉండరు.

అసెంబ్లర్ చేసే పని

ప్రాసెసర్‌కు తెలిసినవి అంకెలు మాత్రమే. ఇంటెల్, ఏఎండీ సంస్థల ఎక్స్86 ప్రాసెసర్లకు 107, 193, 10 అనే మూడు బైట్లు వరుసగా అందితే, "ఈసీఎక్స్ రిజిస్టర్‌లోని సంఖ్యను 10తో గుణించి, ఫలితాన్ని ఈఏఎక్స్‌లో ఉంచు" అని అర్థం. రిజిస్టర్ అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న నిల్వ గది. ఈ అంకెలను మనిషి గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి వాటికి పేర్లు పెట్టారు. ఆ పేర్లతో రాసిన వాక్యాన్ని తిరిగి అంకెలుగా మార్చే సాధనమే అసెంబ్లర్.

ఎక్స్86 ప్రపంచంలో మూడు అసెంబ్లర్లు ఎక్కువగా కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్ వారి మాస్మ్, ఉచితంగా దొరికే నాస్మ్, లినక్స్‌లో కంపైలర్‌కు తోడుగా పనిచేసే గ్నూ అసెంబ్లర్. పై మూడు బైట్లను రాబట్టాలంటే మాస్మ్‌లోనూ నాస్మ్‌లోనూ ఇలా రాయాలి (ఆదేశాలు నిజానికి ఆంగ్ల అక్షరాల్లో ఉంటాయి; ఈ వ్యాసంలో వాటిని పలికే తీరులో ఇవ్వడమైంది):

ఐమల్ ఈఏఎక్స్, ఈసీఎక్స్, 10

గ్నూ అసెంబ్లర్‌లో దాని సహజ శైలిలో రాస్తే ఇలా ఉంటుంది:

ఐమల్ $10, %ఈసీఎక్స్, %ఈఏఎక్స్

రెండింటి నుంచీ వచ్చేవి అవే మూడు బైట్లు. ప్రాసెసర్‌కు వాటి మధ్య తేడా తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తేడా అంతా మనిషికీ సాధనానికీ మధ్య జరిగిన ఒప్పందంలోనే ఉంది.

ఫలితం ముందా, చివరా?

మొదట కంటపడే తేడా వరుస. ఇంటెల్ శైలిలో ఫలితం చేరాల్సిన చోటు ముందు వస్తుంది. గణితంలో "య = ర × 10" అని రాసే అలవాటుకు ఇది దగ్గర. ఏటీ అండ్ టీ శైలిగా పేరుపడ్డ రెండో పద్ధతిలో ఆ చోటు చివర వస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ రూపుదిద్దుకున్న పీడీపీ-11 యంత్రం అసెంబ్లీలో మూలం ముందు, గమ్యం తర్వాత వచ్చేవి. యునిక్స్ ఇంటెల్ ప్రాసెసర్లకు చేరినప్పుడు ఆ అలవాటూ వెంట వచ్చింది. గ్నూ అసెంబ్లర్ దాన్నే కొనసాగించింది.

తెలుగులో ఆలోచించేవారికి ఈ రెండో వరుస కొత్తగా అనిపించదు. "పదిని ఈసీఎక్స్‌తో గుణించి ఈఏఎక్స్‌లో పెట్టు" అన్న మాటల వరుస అదే. కానీ తెలుగు వాక్యానికి ఉన్న ఒక వెసులుబాటు అసెంబ్లీకి లేదు. "రాముడు రావణుణ్ణి చంపాడు" అన్నా, "రావణుణ్ణి రాముడు చంపాడు" అన్నా ఎవరు ఎవరిని చంపారో విభక్తి ప్రత్యయమే చెబుతుంది. అసెంబ్లీ ఆదేశంలో విభక్తులు లేవు. ఏ పదం కర్త, ఏది కర్మ అన్నది స్థానాన్ని బట్టే తేలాలి. ఏటీ అండ్ టీ శైలిలోని % గుర్తు "ఇది రిజిస్టర్" అనీ, $ గుర్తు "ఇది నేరుగా ఇచ్చిన సంఖ్య" అనీ చెబుతాయే గానీ, ఫలితం ఎక్కడికి వెళ్లాలో చెప్పవు.

గుణకారంలో గుణ్యం, గుణకం తారుమారైనా లబ్ధం మారదు. కాబట్టి వరుస తప్పినా నష్టం లేదనిపించవచ్చు. విలువ సరిగ్గానే వస్తుంది, అయితే చేరకూడని రిజిస్టర్‌లో చేరుతుంది. అంతకుముందు అందులో ఉన్న సంఖ్య చెరిగిపోతుంది, ఫలితం కోసం ఎదురుచూసే రిజిస్టర్‌లో పాత విలువే మిగిలిపోతుంది. ఒక శైలికి అలవాటుపడిన వారు మరో శైలిలోని కోడ్‌ను చదివేటప్పుడు ఇలా పొరబడటం సాధారణం.

వరుస మారడం వల్ల సాధనమే పొరబడిన ఉదాహరణ కూడా ఉంది. దశాంశ సంఖ్యల తీసివేత, భాగహారాల్లోని కొన్ని రూపాల పేర్లు పాత యునిక్స్ అసెంబ్లర్‌లో తారుమారయ్యాయి. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని గ్నూ అసెంబ్లర్ ఆ తప్పును ఏటీ అండ్ టీ శైలిలో అలాగే ఉంచింది. దశాంశ గుణకారానికి మాత్రం ఈ బాధ లేదు. ఎటునుంచి గుణించినా ఒకటే కాబట్టి అది బయటపడింది.

ఒకే పేరు, మూడు ఆదేశాలు

వరుస కన్నా లోతైన చిక్కు "ఐమల్" అన్న పేరులోనే ఉంది. దానికి మూలం ప్రాసెసర్ చరిత్ర.

మన ఇంజినీరింగ్ కళాశాలల్లో దశాబ్దాలుగా బోధిస్తున్న 8085 ప్రాసెసర్‌కు గుణకార ఆదేశమే లేదు. అందులో గుణించాలంటే పదేపదే కూడాలి, లేదా బిట్లను పక్కకు జరుపుతూ కూడాలి. 1978లో వచ్చిన 8086లో రెండు గుణకార ఆదేశాలు చేరాయి. గుర్తు లేని సంఖ్యలకు మల్, ధన రుణ గుర్తులున్న సంఖ్యలకు ఐమల్. ఈ రెండూ ఒకే ఒక్క ఆపరాండ్‌ను తీసుకుంటాయి. రెండో సంఖ్య ముందే నిర్దేశించిన రిజిస్టర్‌లో సిద్ధంగా ఉండాలి. లబ్ధం ఎంత పెద్దదైనా పోకుండా రెండు రిజిస్టర్లలో సర్దుతారు. తర్వాత 80186లో మూడు ఆపరాండ్ల ఐమల్, 1985లో 80386తో రెండు ఆపరాండ్ల ఐమల్ వచ్చాయి. ఈ కొత్త రూపాల్లో లబ్ధానికి ఒకే రిజిస్టర్ ఉంటుంది. అందులో పట్టనిది రాలిపోతుంది.

తేడా ఎంతో ఒక లెక్కతో చూడవచ్చు. ఈఏఎక్స్‌లో లక్ష, ఈసీఎక్స్‌లో లక్ష ఉన్నాయనుకుందాం. లబ్ధం వెయ్యి కోట్లు. 32 బిట్ల రిజిస్టర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295, అంటే సుమారు 429 కోట్లు. "ఐమల్ ఈసీఎక్స్" అని ఒక్క ఆపరాండ్‌తో రాస్తే లబ్ధంలోని పై భాగం ఈడీఎక్స్‌లోనూ, కింది భాగం ఈఏఎక్స్‌లోనూ చేరతాయి. ఈడీఎక్స్‌లో 2, ఈఏఎక్స్‌లో 1,41,00,65,408 కనిపిస్తాయి. రెండింటినీ కలిపి చదివితే వెయ్యి కోట్లూ ఉంటాయి. అదే "ఐమల్ ఈఏఎక్స్, ఈసీఎక్స్" అని రెండు ఆపరాండ్లతో రాస్తే మిగిలేది 1,41,00,65,408 మాత్రమే. వెయ్యి కోట్లు 141 కోట్లయ్యాయి. ఫలితం పట్టలేదని ప్రాసెసర్ ఒక సూచిక బిట్‌ను మారుస్తుంది. దాన్ని ప్రోగ్రాం స్వయంగా పరిశీలించకపోతే ఆ సంగతి అక్కడే ఆగిపోతుంది.

కాబట్టి "ఐమల్ ఈసీఎక్స్" అనేది "ఐమల్ ఈఏఎక్స్, ఈసీఎక్స్"కు పొట్టి రూపం కాదు. అవి రెండు వేర్వేరు ఆదేశాలు. మొదటిది 247, 233 అనే బైట్లుగానూ, రెండోది 15, 175, 193 అనే బైట్లుగానూ మారుతుంది. గ్నూ అసెంబ్లర్ కరదీపిక కూడా ఈ సంగతిని ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. పూర్తి లబ్ధం కావాలంటే ఒక్క ఆపరాండ్ రూపాన్నే వాడాలి. అయితే ఆ రూపం ఈడీఎక్స్‌లో అంతకుముందు ఉన్న విలువను తుడిచేస్తుందని మరువకూడదు.

మరోవైపు నిజంగానే పొట్టి రూపమైనది ఒకటుంది. "ఐమల్ ఈఏఎక్స్, 10" అని రాస్తే అసెంబ్లర్ దాన్ని "ఐమల్ ఈఏఎక్స్, ఈఏఎక్స్, 10"గా తీసుకుని 107, 192, 10 అనే బైట్లు ఇస్తుంది. ఒక రిజిస్టర్‌ను నేరుగా ఇచ్చిన సంఖ్యతో గుణించే ఆదేశంలో మూడు స్థానాలుంటాయి. రిజిస్టర్ పేరును రెండుసార్లు రాసే శ్రమను సాధనం తప్పిస్తోందంతే. చూడటానికి ఒకేలా ఉన్న రెండు క్లుప్త రూపాల్లో ఒకటి సౌకర్యం, మరొకటి పూర్తిగా వేరే పని.

రెండు ఆపరాండ్లతో ఐమల్ ఉంది గానీ మల్ లేదు. "మల్ ఈఏఎక్స్, ఈసీఎక్స్" అని రాస్తే నాస్మ్ ఒప్పుకోదు. దీని వెనుక చక్కని కారణం ఉంది. ఎనిమిది బిట్లలోనూ 1 ఉంటే, గుర్తు లేని లెక్కలో అది 255, గుర్తున్న లెక్కలో −1. దాన్ని 2తో గుణిస్తే మొదటి లెక్కలో 510, రెండో లెక్కలో −2 వస్తాయి. 510ని రెండు బైట్లలో రాస్తే పై బైట్ 1, కింది బైట్ 254. −2ను రాస్తే పై బైట్ 255, కింది బైట్ 254. కింది సగం రెండింటిలోనూ ఒకటే! గుర్తు ప్రభావమంతా పై సగంలోనే ఉంటుంది. పై సగాన్ని ఎలాగూ వదిలేసే ఆదేశానికి రెండు రకాలు అవసరం లేదు.

ఒక చతురస్ర కుండలీకరణం ఖరీదు

ఇంతవరకు చూసినవి ప్రాసెసర్ నుంచి వచ్చిన చిక్కులు. అసెంబ్లర్లు తమంతట తాము తెచ్చిన చిక్కు మరొకటి ఉంది. అన్నింటిలోకీ ప్రమాదకరమైనది అదే.

మెమరీలో "ధర" అనే పేరుతో 25 అనే విలువను నిల్వ చేశారనుకుందాం. ఆ విలువ ఉన్న చిరునామా 41,98,400 అనుకుందాం. ఈఏఎక్స్‌లో 4 ఉంది. నాలుగు వస్తువుల మొత్తం ఖరీదు 100 రావాలి. 32 బిట్ల ప్రోగ్రాంలో ఈ వాక్యం రాశారు:

ఐమల్ ఈఏఎక్స్, ధర

మాస్మ్‌లో "ధర" అంటే ఆ చోట ఉన్న విలువ. ఫలితం 100. నాస్మ్‌లో ఊరికే "ధర" అంటే ఆ చోటు చిరునామా. విలువ కావాలంటే దాన్ని చతురస్ర కుండలీకరణాల్లో, [ధర] అని రాయాలి. కుండలీకరణాలు లేకపోవడంతో నాస్మ్ పై వాక్యాన్ని "ఈఏఎక్స్‌ను 41,98,400తో గుణించు" అని అర్థం చేసుకుంటుంది. ఇందాకటి పొట్టి రూపం ఇక్కడ పనిచేస్తుంది కాబట్టి వాక్యంలో తప్పేమీ కనిపించదు. ఫలితం 1,67,93,600. వంద రూపాయల బిల్లు కోటీ అరవై ఏడు లక్షలు దాటింది. అసెంబ్లర్ ఒక్క హెచ్చరిక కూడా చేయలేదు.

గ్నూ అసెంబ్లర్‌లో ఇదే సమస్య మరో రూపంలో ఉంటుంది. ఏటీ అండ్ టీ శైలిలో $ గుర్తు ఉంటేనే సంఖ్య సంఖ్యగా చెల్లుతుంది. "ఐమల్ $10, %ఈఏఎక్స్" అంటే పదితో గుణించమని. $ మరిచి "ఐమల్ 10, %ఈఏఎక్స్" అని రాస్తే, మెమరీలో 10వ చిరునామాలో ఉన్న విలువతో గుణించమని అర్థం. లినక్స్‌లో సాధారణ ప్రోగ్రాములకు ఆ చిరునామా అందుబాటులో ఉండదు. ప్రోగ్రాం అక్కడికక్కడే కూలిపోతుంది. ఒక విధంగా ఇది మేలు, తప్పు జరిగిన చోటే బయటపడుతుంది.

గ్నూ అసెంబ్లర్‌ను ఇంటెల్ శైలిలోకి మార్చుకునే వీలూ ఉంది. అప్పుడు వరుస, పేర్లు నాస్మ్ కోడ్‌లాగే కనిపిస్తాయి. కానీ ఊరికే "ధర" అని రాస్తే అది మాస్మ్ పద్ధతినే పాటించి విలువను తీసుకుంటుంది. అంటే "ఇంటెల్ శైలి" అనేది కూడా ఒకే భాష కాదు. మాండలికాలున్న భాష.

పరిమాణం ఎవరు చెప్పాలి?

మెమరీలోని సంఖ్యను గుణించేటప్పుడు ఎన్ని బైట్లు చదవాలో ప్రాసెసర్‌కు తెలియాలి. ఈ సమాచారం ఎక్కడి నుంచి రావాలన్న దానిపైనా ఒక్కో అసెంబ్లర్‌ది ఒక్కో దారి. "ధర"ను 32 బిట్ల సంఖ్యగా ప్రకటించిన సంగతిని మాస్మ్ గుర్తుంచుకుంటుంది. అందుకే "మల్ ధర" అంటే సరిపోతుంది. నాస్మ్ కావాలనే అలా గుర్తుంచుకోదు. "మల్ డీవర్డ్ [ధర]" అని ప్రతిసారీ పరిమాణాన్ని చెప్పాలి. ఏటీ అండ్ టీ శైలిలో ఆదేశం పేరు చివరే పరిమాణాన్ని సూచించే అక్షరం చేరుతుంది. 8 బిట్లకు బీ, 16కు డబ్ల్యూ, 32కు ఎల్, 64కు క్యూ. కాబట్టి అక్కడ ఆదేశం "మల్‌ఎల్ ధర" అవుతుంది.

పరిమాణం తప్పితే విలువతో పాటు ఫలితం చేరే చోటు కూడా మారుతుంది. 8 బిట్ల గుణకారంలో లబ్ధమంతా ఏఎక్స్‌లోనే ఉంటుంది, 32 బిట్లలో ఈడీఎక్స్, ఈఏఎక్స్‌ల మధ్య పంచుకుంటుంది. నాస్మ్ పెట్టే శ్రమ చాదస్తంగా అనిపించినా, వాక్యాన్ని చదివినవారికి జరిగేదంతా అక్కడే కనిపిస్తుంది. మాస్మ్ వాక్యం క్లుప్తంగా ఉంటుంది గానీ, అర్థం తెలియాలంటే ప్రకటన ఉన్న చోటికి వెళ్లి చూడాలి.

ఎక్స్86 బయట

ఇతర ప్రాసెసర్లకు వెళితే ఒప్పందాలు మళ్లీ మారతాయి. ఎక్కువ ఫోన్లలో కనిపించే ఏఆర్ఎం కుటుంబంలో ఫలితం చేరే రిజిస్టర్ ముందు వస్తుంది. గ్నూ అసెంబ్లర్ కూడా ఏఆర్ఎం కోసం పనిచేసేటప్పుడు ఈ వరుసనే పాటిస్తుంది. కాబట్టి అసెంబ్లర్ పేరు చూసి వరుసను ఊహించలేం, ఏ ప్రాసెసర్‌కు రాస్తున్నామో కూడా చూడాలి.

ఏఆర్ఎం తొలి ప్రాసెసర్‌లో గుణకార ఆదేశం లేదు, రెండోదానిలో చేరింది. చాలాకాలం దానికొక నియమం ఉండేది. ఫలితం చేరే రిజిస్టర్, మొదటి గుణ్యం ఉన్న రిజిస్టర్ ఒకటే కాకూడదు. దీనికి పరిష్కారం సులువు. గుణ్యాన్ని, గుణకాన్ని అటూ ఇటూ మార్చి రాస్తే చాలు. లబ్ధం ఎలాగూ మారదు. ఏఆర్ఎంవీ6 తరం నుంచి ఈ నియమం తొలగిపోయింది.

పూర్తి లబ్ధాన్ని ఇచ్చే ఏఆర్ఎం ఆదేశంలో కింది సగం రిజిస్టర్‌ను ముందు, పై సగం రిజిస్టర్‌ను తర్వాత రాస్తారు. ఎక్స్86లో తర్వాత చేరిన మల్‌ఎక్స్ అనే ఆదేశంలో ఇంటెల్ శైలి ప్రకారం పై సగం ముందు వస్తుంది. ఒకదాన్ని చూసి మరొకటి రాస్తే రెండు సగాలూ తారుమారవుతాయి.

రిస్క్-ఫైవ్ ఈ చిక్కును మరో విధంగా విప్పింది. ఎవరైనా లైసెన్సు రుసుము లేకుండా వాడుకోగల ఈ ఆదేశ సమితి ఆధారంగానే ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్లు, సీ-డాక్ వేగా ప్రాసెసర్లు రూపొందాయి. రిస్క్-ఫైవ్ మూల సమితిలో గుణకారం ఉండదు, అది "ఎం" అనే అనుబంధ విభాగంలో వస్తుంది. అందులో కింది సగానికి మల్ అనే ఒకే ఆదేశం ఉంటుంది. పై సగానికి మాత్రం మూడున్నాయి. రెండు సంఖ్యలకూ గుర్తు ఉంటే ఒకటి, రెండింటికీ లేకపోతే ఒకటి, ఒకదానికే ఉంటే మరొకటి. ఇందాకటి 254 ఉదాహరణ ఇక్కడ నేరుగా ఆదేశాల పేర్లలో కనిపిస్తోంది. ఒకే పేరు కింద మూడు పనులు దాచే బదులు, ప్రతి పనికీ ఒక పేరు పెట్టారు.

తప్పును ముందే పట్టుకునేదెలా?

ఈ తేడాలన్నీ ఒకరు కంఠతా పట్టాల్సినవి కావు. అనుభవజ్ఞులు కొన్ని అలవాట్లతో వీటిని దాటుతారు. మొదటిది, పొట్టి రూపాల బదులు పూర్తి రూపం రాయడం. మూడు ఆపరాండ్లు రాసిన చోట ఎవరికీ సందేహం రాదు. రెండోది, మెమరీ విలువ కావాల్సినప్పుడల్లా చతురస్ర కుండలీకరణాలు, పరిమాణం రాయడం. మాస్మ్‌లో [ధర] అన్నా "ధర" అన్నా అర్థం ఒకటే కాబట్టి, కుండలీకరణాలు పెట్టడం వల్ల నష్టం లేదు. నాస్మ్‌కు మారినప్పుడు అవే కాపాడతాయి.

మూడోది, తేడా బయటపడే సంఖ్యలతో పరీక్షించడం. 3 × 4తో పరీక్షిస్తే ఐమల్ ఏ రూపంలోనైనా 12 వస్తుంది. లక్ష × లక్ష, −1 × 2 వంటివి ఇస్తేనే పై సగం పోయిందా, గుర్తు తప్పిందా అన్నది తెలుస్తుంది. నాలుగోది, అసెంబ్లర్ ఇచ్చిన బైట్లను డిస్‌అసెంబ్లర్‌తో తిరిగి చదివించడం. మనం ఏం రాశామనుకున్నామో కాకుండా, సాధనం ఏం అర్థం చేసుకుందో అది చూపిస్తుంది.

పెద్ద ప్రాజెక్టులు మరో అడుగు ముందుకు వేశాయి. ఇంటర్నెట్ భద్రతకు విస్తృతంగా వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో, ఆర్ఎస్ఏ వంటి పద్ధతులకు చాలా పెద్ద సంఖ్యలను గుణించాలి. అక్కడ లబ్ధంలోని పై సగం ఒక్కసారి పోయినా లెక్కంతా తప్పుతుంది. వేగం కోసం ఆ భాగాలను అసెంబ్లీలో రాశారు. కానీ ఒక్కో అసెంబ్లర్‌కు ఒక్కో ప్రతి రాయలేదు. పెర్ల్ భాషలోని స్క్రిప్టులలో ఒకేసారి రాసి, వాటి నుంచే గ్నూ, మాస్మ్, నాస్మ్‌లకు కావాల్సిన రూపాలను పుట్టిస్తారు. మాండలికాల మధ్య అనువాదాన్ని మనిషి జ్ఞాపకశక్తికి వదలకుండా యంత్రానికే అప్పగించారన్నమాట.

లక్షను లక్షతో గుణిస్తే ఎంతో ఎక్కాలు నేర్చిన ఎవరైనా చెప్పగలరు. ఆ జవాబు ఎక్కడ ఉంచాలి, ఎంత ఉంచాలి, ఏ సంఖ్యను గుణించాలి అన్న మూడు ప్రశ్నలకు అసెంబ్లర్లు వేర్వేరు జవాబులు ఎంచుకున్నాయి. కొత్త అసెంబ్లర్‌ను చేతిలోకి తీసుకున్నవారు ఆదేశాల పేర్ల కన్నా ముందు ఈ మూడు ప్రశ్నలకు అక్కడ జవాబులేమిటో చూసుకుంటే, లబ్ధం తప్పే అవకాశాలు చాలావరకు తగ్గుతాయి.